తాతి కాదు, తాతి!

మా వంటింటి తలుపు వెనక ఒక పంచాంగం క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. ఒక్కో గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం పోగా మిగిలిన కాస్త జాగాలో ముగ్గురం రాస్తాం. పాల ప్యాకెట్ల లెక్క మా ఆవిడది. గ్యాస్ బండ మార్చిన రోజు మా అమ్మది. ఆ రెండింటి మధ్య ఇరికించి సన్నగా రాసేవి నావి. కిందటి ఏడాది ఒక గడిలో "2 ప్యాకెట్లు, పెరుగు" అని, దాని కింద "బండ పెట్టాం" అని, దాని కింద "కుక్కగారు కరుస్తారు" అని ఉంది. ఆ మూడోది మా అమ్మాయి అన్న మాట.

ఇంట్లో దాన్ని బుజ్జి అంటాం. ఈమధ్యే మూడేళ్ళు నిండాయి. అది అన్నవన్నీ రాసిపెట్టాలని నేనేమీ కంకణం కట్టుకోలేదు. మొదటి మాట అన్న రోజున ఎదురుగా క్యాలెండరు, జేబులో పెన్ను ఉన్నాయి, అంతే. ఆ తరువాత అలవాటైపోయింది. డిసెంబరు అయిపోగానే పాత క్యాలెండరు వెనకవైపు పిల్లల బొమ్మలకు పనికొస్తుందని మా ఆవిడ చింపబోతే, నేను పెద్ద ఆస్తిపత్రాన్ని కాపాడినట్టు లాక్కుని బీరువాలో పెట్టాను.

ఆ మొదటి మాట "తాతి". అప్పటికి బుజ్జికి పదమూడు నెలలు. మేముండేది విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. పొద్దున్నే మా అమ్మ పప్పన్నం మెత్తగా కలిపి, గిన్నె ఒక చేత్తో పట్టుకుని, దాన్ని చంకనేసుకుని బాల్కనీలోకి వెళ్ళేది. "అదిగో కాకి వచ్చింది. నువ్వు తింటావా, దానికి పెట్టేయనా?" అని బెదిరించేది. పిట్టగోడ మీద కాకి మెడ అటూ ఇటూ తిప్పుతూ తన వంతు కోసం కాచుకుని ఉండేది. ఒకరోజు మా అమ్మ నోరు తెరవకముందే బుజ్జి గోడ వైపు వేలు చూపించి "తాతి" అంది.

మా అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా నాన్నగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. కాకిని చూసి పసిపిల్ల తాత అందంటే ఆవిడకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. ఆ వారమంతా మొదటి ముద్ద గోడ మీదికే వెళ్ళింది, అదీ నెయ్యి వేసిన ముద్ద. తరువాత బుజ్జి పావురాన్ని కూడా "తాతి" అంది. సీతాకోకచిలుకను అంది. గన్నవరం వైపు వెళ్ళే విమానాన్ని అంది. ఆఖరికి పడగ్గదిలో తిరుగుతున్న ఫ్యానును చూసి అనేసరికి మా అమ్మ నమ్మకం కొద్దిగా సడలింది. "ఎగిరేవన్నీ దీనికి కాకులేరా" అని తేల్చింది. కాకికి మాత్రం నెయ్యి మానలేదు.

క అనాలంటే నాలుక వెనక భాగం లేచి అంగిలిని తాకాలి. త అనడానికి నాలుక కొన పళ్ళను తాకితే చాలు. చాలామంది పసిపిల్లలకు ముందు రెండోదే పట్టుబడుతుంది. అందుకే మా ఇంట్లో కుక్క "తుత్త", కోతి "తోతి". ఇదంతా నాకు తరువాత తెలిసింది.

ఈ "తాతి" వల్ల ఇంకొక చిక్కు వచ్చింది. మా బాల్కనీకి సరిగ్గా ఎదురుగా అవతలి బ్లాకులో ఒక పెద్దాయన ఉంటారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. కొడుకులిద్దరూ వేరే ఊళ్ళలో ఉద్యోగాలు. పొద్దున ఆరున్నరకు పేపరుతో వచ్చి కూర్చుంటారు. ఒకరోజు బుజ్జి కాకిని చూసి గొంతెత్తి "తాతీ!" అని కేక పెట్టింది. ఆయన పేపరు దించారు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ఆఁ, ఏమ్మా!" అని చెయ్యి ఊపారు. నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. చెబుదామా అని కళ్ళతోనే అడిగాను. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నుంచి ఆయన ఆరుంబావుకే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఏడాదిన్నరకు డీపీటీ బూస్టరు వేయించడానికి వెళ్ళినప్పుడు మాకు మొదటిసారి భయం పట్టుకుంది. పక్క కుర్చీలో అదే వయసు పిల్లవాడు కిటికీలోంచి చూస్తూ "ఆటో వచ్చింది, పోయింది" అన్నాడు. ఎంత చక్కగా అన్నాడంటే నాకు వాడి మీద కోపం వచ్చింది. మా దానికి అప్పటికి పదకొండు మాటలు. క్యాలెండరు ఉంది కదా, లెక్కలో తేడా రాదు: అమ్మ, నాన్న, తాతి, తుత్త, బువ్వ, ఆం, లాల, చీ, టాటా, మామ, అయిపో. మామ అంటే చందమామ.

డాక్టరుగారు మాటల లెక్క అడగనేలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా, కావలసినది వేలుతో చూపిస్తుందా, మీరు చేత్తో చూపించకుండా "బంతి తీసుకురా" అంటే తెస్తుందా అని అడిగారు. మూడూ చేస్తుందన్నాం. రెండేళ్ళు వచ్చేసరికి రెండు మాటలు కలపకపోతే మళ్ళీ రండి, ముందు వినికిడి పరీక్ష చేయిద్దాం అన్నారు. మా అమ్మ ఊరుకోలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే వసపిట్టలా మాట్లాడుతుందని ఆయనకే సలహా ఇచ్చింది. ఆయన నవ్వి, అది మాత్రం వద్దమ్మా, దానితో ఎంత కుదిరితే అంత కబుర్లు చెప్పండి చాలు అన్నారు. కబుర్ల విషయంలో మా అమ్మకు ఒకరు చెప్పాలా!

ఆ పదకొండులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసిన మాట "అయిపో". గ్లాసులో పాలు అయిపోయాయి అని మేమంటాం కదా, అక్కడ మొదలైంది. బస్సు మలుపు తిరిగితే బస్సు అయిపో. కరెంటు పోతే లైటు అయిపో. నేను చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కుంటే "నాన్న అయిపో". మా అమ్మ "అపభ్రంశపు మాట" అని నొచ్చుకుని మూడుసార్లు దిష్టి తీసింది. అమావాస్య రాత్రి మేడ మీద ఆకాశమంతా వెతికి "మామ అయిపో" అన్నది బుజ్జి కలిపిన మొదటి రెండు మాటలని నా క్యాలెండరు చెబుతోంది. మా ఆవిడ ఒప్పుకోదు, "బువ్వ అయిపో" ముందన్నదంటుంది. మరుసటి వేసవిలో ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళుతూ దిగువన ఇసుక మేటలు చూపిస్తే, అప్పటికి మాటలు బాగా వచ్చాయి కాబట్టి, పూర్తి వాక్యమే చెప్పింది. "నాన్నా, నది అయిపోయింది."

రెండేళ్ళు దాటాక "నువ్వు"తో మొదలైంది అసలు గందరగోళం. ఆకలేస్తే వచ్చి "నీకు ఆకలేస్తోందా?" అనేది. ఎత్తుకోమనడానికి "నిన్ను ఎత్తుకో" అనేది. ఆలోచిస్తే తప్పు దానిది కాదు. పొద్దున లేచిన దగ్గర నుంచి ఇంట్లో అందరూ దాన్ని చూసి నువ్వు, నీకు, నిన్ను అంటున్నాం. తన పేరే అది అనుకుంది. జలుబుకు సిరప్పు తాగించే వేళ మా అమ్మ దగ్గరికి పారిపోయి, ఆవిడ కొంగు పట్టుకుని, "నీకు మందు వద్దు" అని బతిమాలింది. "నాకెందుకు వద్దే, నాకు బీపీ" అంది మా అమ్మ, పాపం నిజంగానే. నేను దిద్దబోయాను. "అలా కాదు, నాకు మందు వద్దు అనాలి" అన్నాను. బుజ్జి నన్ను ఆపాదమస్తకం చూసి, సిరప్పు సీసా నా చేతిలోంచి తీసుకుని, "నాన్నకు వద్దట" అని నాయనమ్మకు ఫిర్యాదు చేసింది.

నేను ఎన్ని విధాల చెప్పినా రానిది ఎండాకాలం సెలవులకు మా మేనల్లుడు వచ్చిన నాలుగు రోజుల్లో వచ్చేసింది. వాడికి ఐదేళ్ళు. హాల్లో పాలు ఒలికి ఉన్నాయి. "ఎవరు పోశారు?" అంటే వాడు "నేను కాదు" అన్నాడు. బుజ్జి వాడిని చూసింది, పాలను చూసింది, నన్ను చూసింది. "నేను కాదు" అంది. మా అమ్మాయి నోటి వెంట "నేను" అన్న మాట పుట్టింది అలా, నేరం ఒప్పుకోకపోవడం కోసం. ఆ పాలు పోసింది బుజ్జే.

ఫోను సంగతి దాచడం ఎందుకు, చెబుతాను. ఏడాదిన్నర నుంచి రాత్రి అన్నం వేళ ఫోనులో బొమ్మలు పెట్టి తినిపించే పాపం నేనూ చేశాను. ఏడాది పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందని మా ఆవిడ ఎక్కడో చదివి ఒకరోజు ఫోను అటక ఎక్కించినంత పని చేసింది. పది రోజులు ఇల్లు రణరంగం. ఆ తరువాత బుజ్జి టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని తనే ఫోను మాట్లాడటం మొదలుపెట్టింది. "చెప్పండి సార్. చూస్తాను సార్. రేపు అయిపోతుంది సార్." తరువాత రిమోటు సోఫా మీద పడేసి, నుదురు రుద్దుకుని, "అబ్బబ్బా, ఈ మనిషి!" అంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఆ రోజు మా మేనేజరు మా ఇంటికి భోజనానికి వచ్చి ఎదురుగానే కూర్చున్నారు. ఆయన ఏమీ అనలేదు, ఇంకొంచెం పులుసు వేయించుకున్నారు.

రెండున్నరేళ్ళ ప్రాంతంలో క్యాలెండరు గడులు చాలక అంచుల్లో రాయవలసి వచ్చింది. "నేను చూడాను." "అత్త బొమ్మ ఇవ్వింది." "రెండు చెయ్యిలు కడిగాను." ఆఫీసు నుంచి నేను ఆలస్యమైతే ఫోనులో "నాన్నా, తొందరగా వచ్చు!" మొదట్లో నవ్వుకుని రాసుకునేవాణ్ణి. ఒక రాత్రి ఆ అంచులన్నీ వరసగా చదువుతుంటే తట్టింది. ఆడు అంటే ఆడాను, పాడు అంటే పాడాను అయినప్పుడు చూడు అంటే చూడాను కావద్దూ? వచ్చాను, వచ్చాడు, వచ్చింది, మరి పిలిచేటప్పుడు "రా" ఎక్కడి నుంచి ఊడిపడింది? ఈ మాటలేవీ మేమెవ్వరం అనలేదు. విని పలికినవి కావు. ఇది మా మాటల్లోంచి సూత్రం లాగి, ఆ సూత్రాన్ని మాకంటే నిజాయితీగా పాటిస్తోంది.

జీన్ బెర్కో అనే పరిశోధకురాలు 1958లో ఒక పిట్ట బొమ్మ గీసి, దానికి "వగ్" అని ఎక్కడా లేని పేరు పెట్టి, అలాంటివి రెండు చూపించి పిల్లలను అడిగింది, ఇప్పుడు వీటిని ఏమంటారని. పిల్లలు ఎన్నడూ వినని ఆ మాటకు సరైన బహువచనం చెప్పారు. ఇంగ్లీషు పిల్లలు చెబితే మా అమ్మాయి చెప్పదా అని పౌరుషం వచ్చింది నాకు. పాత డైరీ కాగితం మీద మూడు కాళ్ళు, ఒక తోక, నెత్తిన జడ ఉన్న జంతువును గీశాను. "దీని పేరు గిటకం" అన్నాను. పక్కన ఇంకొకటి గీశాను. "ఇప్పుడు రెండున్నాయి కదా, ఇవేమిటి?"

"గిటకాలు" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

గిటకంలు అనలేదు. పుస్తకం పుస్తకాలు, బల్లెం బల్లేలు అయ్యే తెలుగు లెక్క దానికి ఎవరు నేర్పారు? నేను బడిలో వ్యాకరణం పుస్తకం తిరగేసి మార్కులు పోగొట్టుకున్న పాఠం అది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీద ఉంది. గిటకం జడకు మా ఆవిడ రిబ్బను గీసింది.

నేర్పాలని కూర్చున్నవి మాత్రం ఒక్కటీ సవ్యంగా రాలేదు. రంగుల అట్టలు కొనితెచ్చి ఆకుపచ్చ, పసుపు చూపించాను. రెండింటికీ "పచ్చ" అంది. కాదమ్మా అని నేను, పచ్చే అని అది. మా అమ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ "దానితో ఎందుకు వాదిస్తావురా? ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. మీ నాన్నకు కామెర్లు వస్తే ఒళ్ళు పచ్చబడింది అనలేదూ?" అంది. ఆ మాట నిజం. అట్టల డబ్బా మూసేశాను.

లెక్కలూ అంతే. మెట్లు ఎక్కేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని చెప్పించేవాణ్ణి. పదకొండో మెట్టు తరువాత చదునుగా మలుపు వస్తుంది, అక్కడ కాసేపు ఆగుతాం. కొన్నాళ్ళకు బుజ్జి ఆ మలుపునే "పదకొండు" అని పిలవడం కనిపెట్టాను. "పదకొండు దగ్గర చెప్పు పడిపోయింది" అంటే అర్థం అదన్నమాట. ఇక ఇడ్లీల సంగతి. ఒక ఆదివారం పళ్ళెం ముందు పెట్టి ఎన్ని కావాలని అడిగాను.

"ఇద్దరు."

"ఇడ్లీలు ఇద్దరా? రెండు అనాలి."

"ఇద్దరు ఇడ్లీలు" అంది కచ్చితంగా. మేనల్లుడు ఉన్నప్పుడు మా అమ్మ రోజుకు నలభై సార్లు "మీరిద్దరూ కొట్టుకోకండి, మీరిద్దరూ తినండి" అన్న ఫలితం. మనుషులకు ఒక లెక్క, వస్తువులకు ఒక లెక్క పెట్టుకున్న భాష మనది. పెద్దయ్యాక తెలుగు నేర్చుకునేవారు దీని దగ్గర తల పట్టుకుంటారని విన్నాను. బుజ్జికి ఇబ్బందేమీ లేదు, ఇడ్లీలను మనుషుల్లో కలిపేసుకుంది. ఒకటి తిని, చెయ్యి నాక్కుని, లెక్క అప్పజెప్పింది. "ఒకరు అయిపోయారు. ఇంకొకరు ఉన్నారు." మా అమ్మ "కృష్ణ కృష్ణ" అని లేచి మళ్ళీ ఉప్పు తెచ్చి దిష్టి తీసింది.

"కుక్కగారు" కూడా ఆ రోజుల్లోదే. పెద్దవాళ్ళను పేరుతో పిలవకూడదు, గారు అనాలని మా ఆవిడ నేర్పింది. ఎవరు పెద్దవాళ్ళు అన్నది చెప్పడం మరిచిపోయింది. తనకంటే ఎత్తుగా ఉన్నదల్లా పెద్దదే కదా. లిఫ్టుగారు వచ్చారు. ఫ్రిజ్‌గారు చల్లగా ఉన్నారు. వీధి కుక్కను చూసి నా కాళ్ళ వెనక దాక్కుని "కుక్కగారు కరుస్తారు" అన్నప్పుడు నాకు భయం కంటే ముచ్చటే ఎక్కువ వేసింది, ఆ మర్యాదకు క్రియ కూడా తప్పకుండా వెంట వచ్చినందుకు. మమ్మల్ని మాత్రం ఇప్పటికీ నువ్వు అనే అంటుంది.

ఇన్ని మారినా "తాతి" మాత్రం మారలేదు. రెండుంపావుకు పావురం, విమానం, ఫ్యాను తమ తమ పేర్లతో విడిపోయాయి. కాకి ఒక్కటే తాతిగా మిగిలింది. ఒకరోజు బాల్కనీలో ముద్దుకొద్దీ నేనూ "అదిగో తాతి" అన్నాను. బుజ్జి మొహం చిట్లించింది. "తాతి కాదు" అంది.

"మరి?"

"తాతి!"

"అదే కదా, తాతి."

"తాతి కాదు నాన్నా, తాతి!" కాలు నేలకేసి కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఖరికి నేను "కాకి" అనేసరికి స్థిమితపడి, "ఆఁ, తాతి" అంది. దాని చెవికి నేనన్న తాతి తప్పని తెలుసు, తన నోటివెంట వస్తున్నదీ అదేనని మాత్రం తెలియదు. ఆ వగ్ పిట్ట బెర్కోగారే రోజర్ బ్రౌన్‌తో కలిసి 1960లో ఇలాంటి పిల్లవాడి గురించి రాశారు. చేప బొమ్మను వాడు "ఫిస్" అనేవాడు, పెద్దవాళ్ళు ఫిస్ అంటే ఒప్పుకునేవాడు కాదు, ఫిష్ అంటేనే ఒప్పుకునేవాడు. ఆ రోజు నుంచి ఇంట్లో బుజ్జి మాటలు బుజ్జిలాగా పలకడం మానేశాం. నాకు కొంచెం బాధగానే ఉండేది, ముద్దుమాటలు ఎవరికి చేదు?

కిందటి నెలలో ఒక పొద్దున, గిన్నె పట్టుకున్నది నేను. మా అమ్మ ఊరెళ్ళింది. కాకి వచ్చి వాలింది. బుజ్జి దాన్ని చూసి, ఏదో మామూలు మాటలా, "కాకి" అంది.

నేను ముద్ద పట్టుకుని ఉండిపోయాను. "ఏమన్నావు?"

"కాకి. నల్ల కాకి."

పెన్ను కోసం లోపలికి వెళ్ళాను. గడిలో రాస్తుంటే చెయ్యి ఆగింది. రేపటి నుంచి ఎదుటి బాల్కనీ సంగతి ఏమిటి?

అనుకున్నట్టే అయింది. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పెద్దాయన పేపరు మడిచి, కటకటాల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఏం బాబూ, అమ్మాయి ఈమధ్య పిలవడం లేదు. కోపం వచ్చిందా నా మీద?"

నేను నీళ్ళు నమిలాను. అంతలో ఆ కాకి రానే వచ్చింది. బుజ్జి పిట్టగోడ వైపు వేలు చూపించి "కాకీ!" అని కేక పెట్టింది, అదే గొంతు, అదే వరస. ఆయన కాకిని చూశారు. బుజ్జిని చూశారు. నన్ను చూశారు. రెండేళ్ళ పొద్దున్నలన్నీ ఆయన మొహంలో వెనక్కి నడిచి వెళ్ళడం నాకు కనిపించింది.

"అంటే ఇన్నాళ్ళూ..." అన్నారు.

నేను "అది కాదండీ" అని ఏదో అనబోయాను. బుజ్జి అప్పటికే కటకటాల సందులోంచి మొహం బయటికి పెట్టేసింది.

"తాతగారూ! ఇవాళ ఇడ్లీలు నలుగురు ఉన్నారు. వచ్చండి!"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకున్నారు.